లాకు – మూయుటకా, తెరచుటకా?

(చదువవలసిన వాక్యభాగములు: న్యాయాధిపతులు 16:6–20, నెహెమ్యా 3:1–6, ప్రకటన 3:7–13)



కోనసీమలో పుట్టిన బిడ్డకు ఇంగ్లీషు రాకముందే వచ్చు ఇంగ్లీషు మాటలు కొన్ని కలవు. వాటిలో 'లాకు' ఒకటి. "లాకుల దగ్గర దిగండి", "లాకులు దాటాక కుడిచేతివైపు తిరగండి" అని దారి చెప్పుకొనుట మనకు అలవాటు. అది పరాయి మాట యని యెవరికిని తోచదు. ఈ నెల పాఠమునకు ఆ చిన్న మాటనే తీసికొనుచున్నాము. దానికి కారణము మా బైబిలు తరగతిలో జరిగిన యొక పొరపాటు. అది ఒక పడుచువాని పొరపాటని మేము మొదట అనుకొంటిమి. అది మాదేయని తరువాత తెలిసికొంటిమి.

ఏడు తాళముల సంగతి

యౌవనస్థుల తరగతిలో ఆ ఆదివారము సమ్సోను చరిత్ర చదువుచుంటిమి. కళాశాలలో క్రొత్తగా చేరిన కుఱ్ఱవాడొకడు ఇంగ్లీషు బైబిలు తెచ్చుకొనెను. వారి యింట ఇంగ్లీషు చదువు నేర్చినవారిలో అతడే మొదటివాడు. తనకు తానే పూచీ వేసికొని లేచి, దెలీలా ఏమి చేసెనో ఇట్లు వివరించెను: "ముందు పచ్చి తాళ్లతో కట్టిందండి. తెగిపోయాయి. తర్వాత కొత్త మోకులతో కట్టిందండి. అవీ తెగిపోయాయి. అప్పుడు ఏడు తాళాలు వేసిందండి."

తరగతి యంతయు గొల్లున నవ్వెను. "తాళపుచెవి ఎవరి దగ్గరుందిరా?" అని వెనుక బల్లనుండి యొకరు అడిగిరి. ఇంకను నవ్విరి. తరగతి నడుపుచున్న మేమును నవ్వితిమి. ఆ పిల్లవాడు పుస్తకము మూసి కూర్చుండెను. మరుసటి ఆదివారము రాలేదు. ఆ పై ఆదివారమును రాలేదు.

ఇంటికి పోయి ఆ యధ్యాయమును మరల చదివితిమి. 1611 నాటి ఇంగ్లీషు తర్జుమాలో 13వ వచనమున సమ్సోను తలకు ఏడు 'లాక్సు' కలవని నిజముగానే యున్నది. 7వ వచనములో కట్టుటకు ఏడు పచ్చి తాళ్లు, 11వ వచనములో కట్టుటకు క్రొత్త మోకులు, 13వ వచనములో ఏడు 'లాక్సు'. బంధకములు వరుసగా వచ్చుచున్నప్పుడు మూడవది తాళమని తలంచుట తెలివితక్కువ కాదు. వరుస చూచి, ఆలోచించి చదివినవాడే అట్లు తలంచును. తరగతిలో ఆ వచనమును అంత శ్రద్ధగా చదివినవాడు అతడొక్కడే. మేము తెలుగు బైబిలులో జడలని ముందే చూచియుంటిమి గనుక మాకు ఆ చిక్కు తెలియలేదు.

ఒకే రూపు, రెండు మాటలు

ఇంగ్లీషులో 'లాక్' అను పలుకు క్రింద రెండు వేరు మాటలు దాగియున్నవి. రెండును ప్రాచీన ఇంగ్లీషునుండి వచ్చినవే. ఒకటి తలవెండ్రుకల పాయకు పేరు. రెండవది గడియకు, అడ్డమునకు, మూసియుంచిన చోటునకు పేరు. ప్రాచీన కాలమున రెండింటికిని కొంచెము తేడా యుండెడిది. తరువాత వ్రాతలోను పలుకులోను ఒక్కటైపోయెను. మన తెలుగులో 'కాలు' అనిన పాదమునకును, కాలుట యను క్రియకును ఒకే రూపు వచ్చినట్లే యిదియు.

అందుచేత ఆ పాత తర్జుమాలో న్యాయాధిపతులు 16వ అధ్యాయములోని 'లాక్సు' సమ్సోను జడలు. నాజీరు వ్రతముగలవాడు తలవెండ్రుకలు ఎదుగనియ్యవలెనని సంఖ్యాకాండము 6:5 చెప్పుచోటను ఆ మాటయే వచ్చును. నెహెమ్యా 3వ అధ్యాయములో యెరూషలేము గుమ్మములకు తలుపులు నిలిపి అమర్చిన 'లాక్సు' మాత్రము తాళములు. మన తెలుగు తర్జుమాదారులు ఒకచోట జడలనియు వేరొకచోట తాళములనియు తేటగా వ్రాసి మనకు ఈ చిక్కు తప్పించిరి. ఆ మేలు పొందిన మేము, పొందనివానిని చూచి నవ్వితిమి.

మూయుమాట బంధువులు

ఇక రెండవ 'లాక్' సంగతి చూతము. దానికి మూలార్థము మూయుట. దాని సంతానము మన యిండ్లలోనే చాల తిరుగుచున్నది. బ్యాంకులో నగలు దాచుకొను 'లాకరు' తాళముగల పెట్టె. ఠాణాలోని 'లాకప్పు' మనిషిని మూసిపెట్టు గది. పిల్లల మెడలోని 'లాకెట్టు' ఫ్రెంచి భాషమీదుగా తిరిగి వచ్చినది. మొదట దానికి చిన్న గడియ యనియే అర్థము. తరువాత ప్రియమైనవారి బొమ్మయో వెండ్రుకయో లోపల పెట్టి మూసికొను చిన్న బిళ్లకు ఆ పేరు నిలిచెను. మూయు 'లాక్', వెండ్రుకల 'లాక్' రెండును ఆ చిన్న బిళ్లలో కలిసికొనుట వింతగా లేదా?

'లాక్‌డౌన్' అను మాట మనకు బాగుగా తెలిసినది 2020లో. అంతకుముందు అమెరికా చెరసాలలలో ఖైదీలను గదులలోనే ఉంచి మూయుటకు ఆ మాట వాడెడివారు. కరోనా జాడ్యము వచ్చినప్పుడు లోకమంతటికిని అది తెలిసిపోయెను. ఆ సంవత్సరమునకు ముఖ్యమైన మాటగా కాలిన్సు నిఘంటువువారు దానినే ఎన్నుకొనిరి. మన దేశమున 2020 మార్చి 25 మొదలుకొని అది అమలైనది. ఆ దినములలో దేవాలయముల తలుపులును మూయబడెను. తలుపులు తెరచిన పిమ్మటను తిరిగి రానివారు ప్రతి సంఘములోను కొందరున్నారు. వారిని గూర్చి ముందు చెప్పుదుము.

ఇంతవరకు చెప్పినవన్నియు మూయు మాటలే. అయితే ఇంగ్లీషునకు దగ్గరి బంధువైన జర్మను భాషలో ఆ ధాతువునుండియే వచ్చిన 'లోఖ్' అను మాటకు నేడు రంధ్రమని యర్థము. డచ్చి భాషలోని 'లౌక్' అను మాట కిటికీ రెక్కకును, ఓడపై నేలలోని చిన్న ద్వారపు తలుపునకును పేరు. ఒకే ధాతువు ఒకచోట మూతయైనది, ఒకచోట రంధ్రమైనది, ఒకచోట మూసి తెరచు రెక్కయైనది. తలుపు అను వస్తువు గోడవంటిది కాదు గదా! తెరచుటకు వీలున్నదానినే మూయుదుము.

మన కాలువల లాకు

ఇప్పుడు మన లాకునొద్దకు రండి. సుమారు 1300 నాటికే ఇంగ్లీషులో నదికిని కాలువకును అడ్డముగా కట్టిన కట్టును 'లాక్' అనుచుండిరి. పదునారవ శతాబ్దిలో, పడవలను ఎక్కించి దింపుటకు రెండు ద్వారములతో కట్టిన తొట్టికి ఆ పేరు వచ్చెను. పనిమాత్రము ఇంగ్లీషువారి కంటె పాతది. చీనాదేశపు మహాకాలువపై 984లోనే అట్టి తొట్టి కట్టబడినట్లు చరిత్ర చెప్పుచున్నది.

మన నేలకు అది వచ్చినది సర్ ఆర్థర్ కాటను కాలమున. 1833 నాటి గొప్ప కరవును, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెనను చూచిన గోదావరి సీమకు ధవళేశ్వరము వద్ద ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసెను. గౌతమికిని వసిష్ఠకును నడుమనున్న మన లంకసీమకు బొబ్బర్లంక వద్ద ప్రధాన కాలువ బయలుదేరెను. లొల్ల వద్ద అది పాయలుగా చీలెను. వైనతేయ అడ్డమురాగా గన్నవరము వద్ద 49 ఖానాల వంతెనపై నీటిని దాటించి రాజోలు వైపు లంకకు అందించిరి. నది పైగా కాలువ పోవుట చూచి మన పెద్దలు ఆశ్చర్యపడిరి. దాని ప్రక్కనే తరువాతి కాలమున క్రొత్త వంతెన కట్టబడినది.

ఇక్కడ భాషల రాకపోకలను గూర్చి ఒక ముచ్చట. మన దక్షిణదేశపు 'ఆనకట్ట' అను మాట, తమిళుల 'అణైకట్టు'గా ఇంగ్లీషువారికి చేరి 'ఆనికట్' అను ఇంగ్లీషు మాటయైనది. వారి 'లాక్' మనకు 'లాకు' అయినది. కాలువమీద పడవలవలె మాటలును ఎగువకు దిగువకు పోవుచుండును.

కాటను దొర కాలువలను నీటిపారుదలకు మాత్రమే త్రవ్వలేదు. పడవ ప్రయాణమునకును త్రవ్వెను. వడ్లు, కొబ్బరికాయలు, మనుష్యులు పడవలపైననే పోయెడివారు. సువార్తికులును గ్రామములకు ఆ దారినే వెళ్లెడివారు. అయితే మన నేల సముద్రమువైపు వాలియున్నది. కాలువ నీరు పొలములపై పారవలెనన్న ఎత్తున నిలువవలెను. కాబట్టి కాలువ మెట్లుమెట్లుగా దిగును. నీటికి మెట్లు దిగుట తెలియును గాని పడవకు తెలియదు. ఆ మెట్టు దిగ్గర పడవను చేయిపట్టి ఎక్కించి దింపునది లాకు.

లస్కరు తాత చెప్పిన పాఠము

మూడవ ఆదివారము గడచిన తరువాత ఆ కుఱ్ఱవాని యింటికి పోతిమి. ఇల్లు కొత్తపేట ప్రాంతమున కాలువగట్టున నున్నది. అరుగుమీద అతని తాతగారు కూర్చుండిరి. ఆయన తన వయసుకాలమున కాలువల శాఖలో లస్కరు. లస్కరనగా కాలువగట్లను, తూములను, లాకులను కనిపెట్టియుండు పనివాడు. పారశీక భాషలో 'లష్కర్' అనగా సైన్యము. సైన్యపు మాట మన సీమలో నీటికాపరి పేరైనది.

"మనవడున్నాడా తాతగారూ?" అంటిమి.

"లోపలున్నాడండి. రమ్మంటే రాడండి. కూర్చోండి."

క్షమాపణ చెప్పవలెనని పోయినవారమే గాని మాకు నోట మాట రాలేదు. ఊరకుండలేక, "తాతగారూ, పడవలు పోవడానికి కట్టినదానికి తాళమని పేరు ఎందుకు పెట్టారంటారు?" అని అడిగితిమి. నిజముగా అప్పటికి మాకును తెలియదు.

ఆయన నవ్వి, చేతికఱ్ఱతో నేలమీద గీసి చూపెను. దిగువనుండి పడవ వచ్చును. దిగువ తలుపు తెరచి పడవను తొట్టిలోనికి రానిత్తురు. వెనుక ఆ తలుపు మూయుదురు. అప్పుడు ముందర ఒక తలుపు, వెనుక ఒక తలుపు, రెండు ప్రక్కల గోడలు. పడవలోనివానికి చెరసాలవలె నుండును. ఎగువనున్న చిన్న తూము ఎత్తుదురు. నీరు మెల్లగా తొట్టిలోనికి వచ్చును. పడవ లేచుచుండును.

"ఎగువ తలుపు ముందే ఎందుకు తెరవకూడదండి?" అంటిమి.

"తెరుద్దామన్నా రాదండి. తలుపు రెక్కలు రెండూ ఎగువకి మొన పెట్టి కలుస్తాయండి. పైనీరు ఎంత తోస్తే అంత బిగుస్తాయండి. మూరెడు తేడా ఉన్నా పదిమంది తోసినా కదలవండి. నీరు సమం అయిందా, ఇద్దరు చాలండి."

అప్పుడు గుమ్మములోనుండి ఒక గొంతు వినబడెను: "రెండు తలుపులూ ఒకేసారి తెరిస్తే ఏమవుతుందో చెప్పు తాతా."

ఆ కుఱ్ఱవాడు వచ్చి అరుగు చివర కూర్చుండెను. తాతగారు చెప్పకమునుపే తానే చెప్పెను. రెండును ఒకేసారి తెరచినయెడల ఎగువ నీరంతయు ఒక్క దూకున దిగువకు పడును, పడవ బ్రద్దలగును, ఎగువ కాలువ ఎండును. రెండును మూసియే యుంచినయెడల పడవ తొట్టిలోనే యుండిపోవును. "ఒకటి మూస్తేనే ఇంకోటి తెరుచుకుంటుందండి. అందుకే లాకు" అనెను.

వ్యాకరణముతో చెప్పదలచిన సంగతి అతడు కాలువగట్టున చెప్పెను. మేము అతని ప్రక్కనే అరుగుమీద కూర్చుండి వింటిమి. ఆ పిమ్మట సమ్సోను సంగతి యెత్తి, నవ్వినందుకు తప్పు మాదని యొప్పుకొంటిమి. "ఆ 'లాక్సు' జడలని తర్వాత చూసుకున్నానండి" అని మాత్రము అతడు అనెను.

ఈ మాటనుండి మనము నేర్చుకొనవలసినవి

మొదటిది. మూయుట యెల్లప్పుడును చెడ్డది కాదు. నోవహు ఓడ తలుపును ప్రభువే మూసెను (ఆదికాండము 7:16). నెహెమ్యా గుమ్మములకు తాళములు పెట్టించినది పట్టణములోని పిల్లలను కాపాడుటకు. లాకులోని పడవవాడు వెనుక తలుపు మూయబడినప్పుడు భయపడనక్కరలేదు. ముందరి తలుపు తెరచుటకే వెనుకటిది మూయబడినది. ప్రియులారా, మీలో ఉద్యోగపు తలుపో, చదువు తలుపో, ఆరోగ్యపు తలుపో మూయబడి గోడలనడుమ నున్నట్లు తోచుచున్నవారు కలరేమో. నీరు మెల్లగా ఎక్కుచున్నప్పుడు పడవలోనివానికి తాను లేచుచున్నట్లు తెలియదు. గోడమీది తడి గుర్తు చూచినప్పుడు తెలియును.

రెండవది. భయముచేత మూసిన తలుపులు కలవు. శిష్యులు తలుపులు మూసికొని లోపల నుండిరి (యోహాను 20:19). ప్రభువు వారిని బయటినుండి కేకవేసి గద్దింపలేదు. లోపలికి వచ్చి, వారి నడుమ నిలిచి, సమాధానము పలికెను. అవమానముచేత మూసికొన్న తలుపునకును ఇదే మందు.

మూడవది. ఇతరులు ప్రవేశింపకుండ మనము మూయు తలుపులు కలవు. పరలోకరాజ్యపు ద్వారమును మనుష్యులయెదుట మూయువారిని ప్రభువు కఠినముగా గద్దించెను (మత్తయి 23:13). జ్ఞానమునకైన తాళపుచెవిని ఎత్తికొనిపోయిన ధర్మశాస్త్రోపదేశకులకు శ్రమ యని పలికెను (లూకా 11:52). ఆ మాట పూర్వకాలపు వారికే యని మేము చదువుచు వచ్చితిమి. ఒక నవ్వు కూడ తాళము కాగలదని ఆ ఆదివారము తెలిసెను. మంచి బట్టలు లేనివారి వంక చూచు చూపు తాళము. తప్పిపోయి తిరిగివచ్చిన ఆడబిడ్డను గూర్చి బల్లల వరుసలో సాగు గుసగుస తాళము. 2020 తరువాత దేవాలయమునకు రానివారిని గూర్చి "వారికి భక్తి చల్లారినది" అని తీర్పు చెప్పి ఊరకుండుటయు తాళమే. వారింటికి మనము పోయితిమా?

నాల్గవది, ముఖ్యమైనది. లాకు బలముచేత తెరువబడదు, నీరు సమమైనప్పుడు తెరువబడును. క్రింద నున్న పడవ తన బలముతో పైకి ఎగురలేదు. పైనున్న నీరు దిగివచ్చి దానిని లేపవలెను. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 2:5–8 వచనములలో పౌలు చెప్పినది ఇదియే గదా! క్రీస్తు తన మహిమయందు నిలిచి మనలను పైకి రమ్మని పిలువలేదు. దాసుని రూపము ధరించి, మన మట్టమునకు దిగివచ్చి, సిలువవరకు దిగి, మనలను లేవనెత్తెను. ఆయన దిగివచ్చినది నిజమైతే, చదువులోను, కులములోను, సొమ్ములోను, పరిశుద్ధతలోను పైమట్టమున నున్నామని తలంచు మనము ఎవరి మట్టమునకు దిగితిమి? పైనుండి ఎంత గట్టిగా త్రోసిన తలుపు అంత బిగియునని లస్కరు తాత చెప్పెను. ఎందరు తండ్రులు కుమారుల విషయములో దీనిని అనుభవించిరో వారికే తెలియును.

ఐదవది, మన తెలుగు మాటనుండి. తాళము తెరచు సాధనమును మనము తాళపు'చెవి' యందుము. ఆ మాటను పైకి వినబడినట్లే తీసికొందము. తాళమును తెరచునది చెవి. మేము ఆ యింటికి క్షమాపణ నోట పెట్టుకొని పోతిమి, అది పనిచేయలేదు. తెలియని సంగతి అడిగి విన్నప్పుడు గుమ్మములోనుండి గొంతు వినబడెను. వినుటకు వేగిరపడవలెనని యాకోబు వ్రాసినది (యాకోబు 1:19) ఇందుకే.

ముగింపు

నేడు మన కాలువలమీద సరుకు పడవలు కనబడుట అరుదు. లారీలు వచ్చెను, రోడ్లు వచ్చెను. లాకుల వద్ద ఊరి పేరు మిగిలెను, నీరు పంచు పని మిగిలెను. మాట మాత్రము మన నోట నిలిచియున్నది. బస్సులో "లాకులు!" అని కేక వినబడినప్పుడెల్ల ఈ పాఠము జ్ఞాపకము వచ్చును గాక. దావీదు తాళపుచెవి గలవాడు మనకు ప్రభువైయున్నాడు. ఆయన తీసినదానిని మూయగలవాడు లేడు. కొంచెమే శక్తిగల ఫిలదెల్ఫియ సంఘము ఎదుట ఆయన తలుపు తీసియుంచెను (ప్రకటన 3:7–8). దానికి అడ్డముగా మన చిన్న తాళములు వ్రేలాడదీయకుందము.

ఆ కుఱ్ఱవాడు తరువాతి ఆదివారము వచ్చి చివర బల్లమీద కూర్చుండెను. ఆ పై ఆదివారము లాకు బొమ్మ గీసి తెచ్చి తరగతికి వివరించెను. ఎవరును నవ్వలేదు. ఈ పాఠములో సగము అతడు చెప్పినదే.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. ఈ సంవత్సరము మన సంఘమునకు రాక మానినవారు ఎవరు? వారిలో ఒకరి యింటికి ఈ నెలలో పోవుదుమా?

2. మన మాటగాని నవ్వుగాని ఎవరికైన తాళమైనదా? వారియొద్ద ఒప్పుకొంటిమా?

3. నేడు మూయబడిన తలుపునకును, తెరువబడవలసిన తలుపునకును నడుమ మనమున్న యెడల, దేవుడు నీటిని లేపుచున్న గుర్తులు ఏవి?

ప్రార్థన: తెరచువాడవును మూయువాడవునైన ప్రభువా, మా మట్టమునకు దిగివచ్చినందుకు నీకు స్తోత్రము. మేము ఇతరుల మట్టమునకు దిగుటకు మాకు దీనమనస్సు నిమ్ము. మా నోటికి కాపు పెట్టుము, మా చెవులను తెరువుము. ఆమేన్.